మాడ్చిన నారింజ తొక్క

మా సాన్ హసింతో ఊళ్ళో ఆదివారం పొద్దున చర్చి ఎగ్గొట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. తొమాసా కొట్టు ఎగ్గొట్టేవాళ్ళు మాత్రం లేరు. చర్చి వెనక సందులో, రేకుల కప్పు కింద ఆమెది టాకోల కొట్టు, మొక్కజొన్న రొట్టెలో మేకమాంసం చుట్టి పెడుతుంది. దాని పక్కనే నాది కిత్తలి సారా, అదే టెకీలా, అమ్మే బల్ల. మధ్యలో గోడ లేదు. ఆమె దగ్గర తిన్నవాడికి నోరు మండి నా దగ్గరికి వస్తాడు, నా దగ్గర తాగినవాడికి ఆకలి పుట్టి ఆమె దగ్గరికి పోతాడు. అలా మా ఇద్దరి ఇళ్ళలోనూ పొయ్యి వెలుగుతోంది. నా పేరు నబోర్. ఊళ్ళోవాళ్ళు నన్ను నోటిదురుసు మనిషి అంటారు. తొమాసా పక్కన ఇన్నేళ్ళు నిలబడితే వాళ్ళూ అలాగే తయారయ్యేవాళ్ళు.

ఆ మధ్య గ్వాదలహారా నగరం నుంచి ఒక కుర్ర వంటగాడు వచ్చి కూడలిలో అద్దాల హోటల్ తెరిచాడు. టాకోలో పచ్చి చేప ముక్కలు, మామిడి, జపాన్ వాళ్ళ నల్ల పులుసు. టెకీలాలో దోసకాయ. మావాళ్ళు మొహమాటానికి ఒకసారి వెళ్ళి, బిల్లు కట్టి, బయటికొచ్చి ఆకలి తీర్చుకోవడానికి నేరుగా తొమాసా దగ్గరికి వచ్చారు. వానలు మొదలవకముందే ఆ హోటల్ మూతబడింది. పాపం, మంచివాడే. వెళ్ళేముందు తనూ ఆమె దగ్గరే తిని వెళ్ళాడు.

తొమాసా మొగుడు చెంచో. పొట్టి మనిషి, గొంతు పెద్దది, పాట రాదు కానీ పాడటం మానడు. వంట ఇద్దరిదీ. ఎండుమిర్చి ముద్ద నూరి మాంసానికి పట్టించడం ఆమె పని. మాంసాన్ని పెద్ద గిన్నెలో సర్ది, మూత చుట్టూ మొక్కజొన్న పిండి మెత్తి దమ్ము బిగించడం అతని పని. ఒకసారి బిగించాక పొద్దున దాకా ఎవరూ తెరవకూడదు, రుచి చూడకూడదు. పొద్దున్నే ఎండిన పిండిని పగలగొట్టి మూత తీస్తే సందు మొత్తం ఘుమఘుమలాడేది. అడుగున దిగిన రసంతో చారు కాచేవాళ్ళు. ప్రతిసారీ గొడవ మొదలయ్యేది అక్కడే.

చెంచో నారింజ తొక్కని పెనం మీద నల్లగా మాడ్చి చారులో వేసేవాడు. అంతటితో ఆగడు. నా బల్ల మీంచి గ్లాసుడు టెకీలా ఎత్తుకుపోయి గిన్నెలో కుమ్మరించేవాడు.

"మందు పోసుకోవాల్సింది గొంతులో, గిన్నెలో కాదు!" అని తొమాసా గరిటె ఎత్తేది.

"నీకేం తెలుసే రుచి? నీ నాలిక చెప్పు తోలుతో కుట్టారు."

"ఆ చెప్పుతోనే కొడతా."

"కొట్టు. చేతులు ఖాళీ అయ్యాక కొట్టు, వరసలో జనం నిలబడ్డారు."

ప్రతి ఆదివారం ఇవే మాటలు. ఒక్క ముక్క అటూ ఇటూ అయ్యేది కాదు. వరసలో నిలబడ్డవాళ్ళు రెండు జట్లుగా చీలి వాదించుకునేవాళ్ళు. నా సరుకు ఉచితంగా పోతోందన్న ఏడుపు ఉన్నా, నేను చెంచో జట్టే. ఎంత వాదించినా, ఆ చారు తాగాక ఎవడైనా అతని జట్టే. ఒక్క తొమాసా తప్ప. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ గొడవనే పెంచి పెద్దచేసుకున్నారు అనుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం పెళ్ళివంట ఉందని కబురొచ్చింది. అటు కొండ వైపు ఏదో పశువుల ఎస్టేటు, పెద్ద పెళ్ళి, బోలెడు జనం. మా దగ్గర టాకోలవాళ్ళకి పెళ్ళిళ్ళే పండగ. చెంచో గిన్నెలు ట్రక్కులో ఎక్కించి, "నేనొచ్చేలోపు నా చారు పాడుచెయ్యకు" అని అరిచి వెళ్ళాడు. ఆ ఎస్టేటులో పెళ్ళి లేదు. ఆ పేరుతో ఎస్టేటు కూడా లేదు. చెంచో తిరిగి రాలేదు.

కొండ మీద ఏ మత్తుమందుల ముఠా ఉంటుందో మా ఊళ్ళో అందరికీ తెలుసు. పేరు ఎవరూ పలకరు. 'పైవాళ్ళు' అంటాం. ఏ బండి వస్తే తల దించుకోవాలో మా పిల్లలు అక్షరాలు రాకముందే నేర్చుకుంటారు. తొమాసా మాత్రం ఠాణాకి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను. అక్కడున్న గుమస్తా కుర్చీలోంచి లేవకుండానే, "మగాడు కదమ్మా, ఇంకో ఆవిణ్ణి చూసుకునుంటాడు. ఆకలేస్తే అతనే వస్తాడు" అన్నాడు.

"ఆకలేస్తే అతనే వండుకుంటాడు. నువ్వు రాసుకో" అంది తొమాసా.

రాసుకున్నాడు. ఆ తరవాత ఎవరూ ఏమీ చెయ్యలేదు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తొమాసా చెంచో ఫోటోతో 'కనబడుటలేదు' అని కాగితం వేయించి కొట్టు స్తంభానికి మేకులతో కొట్టింది. ఊళ్ళో తనలాంటి ఆడవాళ్ళు ఉన్నారు. కొడుకుల్ని, మొగుళ్ళని, అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాళ్ళు. ఫిలొమెనా అనే ఆవిడ వాళ్ళకి పెద్ద. వాళ్ళంతా ఇనప చువ్వలు పట్టుకుని కొండ వాలుల్లోకి, కిత్తలి తోటల అంచుల్లోకి పోతారు. మట్టి కదిలినట్టున్న చోట చువ్వ దింపి, బయటికి లాగి, కొస వాసన చూస్తారు. కుళ్ళిన వాసన తగిలితే తవ్వుతారు. తొమాసాది వంటమనిషి ముక్కు. తొందరలోనే అందరూ ఆమె చేతికే చువ్వ ఇవ్వడం మొదలుపెట్టారు. శనివారం దాకా ఆ పని, ఆదివారం టాకోలు. చేతులు ఎంత కడిగినా ఆ వాసన పోవట్లేదని ఒకసారి నా టెకీలాతో కడుక్కుంది.

చారులో ఇప్పుడు నారింజ తొక్క లేదు. టెకీలా కూడా లేదు. "వదినా, జనం అడుగుతున్నారు, వెయ్యరాదూ" అన్నాను.

"ఆయనొచ్చి వేసుకుంటాడు. నేనే వేసేస్తే రేపు ఆయనతో దేనికి పోట్లాడను?"

ఇంక నేను అడగలేదు. జనం కొన్నాళ్ళు గొణిగి, ఆ చప్పటి చారుకే అలవాటుపడ్డారు. స్తంభం మీది కాగితం ఎండకి వెలిసిపోయి చెంచో పేరూ మొహమూ తెల్లని మరకలా మిగిలాయి.

అప్పుడొచ్చాడు బుగ్గలోడు. లావాటి మనిషి, నున్నటి బుగ్గలు, ఎంతో మర్యాద. సందు చివర పైవాళ్ళ బండి ఆపి దిగాడు. ఆ బండి చూసి కొందరు తినడం ఆపి జరిగారు. అతను అందరికీ నమస్కారం పెట్టి, టాకోలు తిని, చారు తాగి, పెదవులు చప్పరించాడు.

"మాంసం అద్భుతం పిన్నీ. చారులోనే ఏదో తగ్గింది. మా వంటోడు నారింజ తొక్క మాడ్చి వేస్తాడు. దాని మీద టెకీలా పోస్తాడు. అబ్బా!"

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి కూడా భయమేసింది, చప్పుడవుతుందని. తొమాసా రొట్టె కాలుస్తోంది. రొట్టె మాడింది. ఆమె చేతులు రొట్టె మాడ్చడం నేను చూడటం అదే మొదలు.

"మందు పోసుకోవాల్సింది గొంతులో, గిన్నెలో కాదని చెప్పు మీ వంటోడికి" అంది, ఇటు తిరక్కుండానే.

బుగ్గలోడు పగలబడి నవ్వాడు. "చెప్తా, చెప్తా! ఎవరివాడో ఏమో, సాయూలా నుంచి వచ్చానంటాడు. ముందూ వెనకా ఎవరూ లేరట." డబ్బులిచ్చి, వెళ్తూ వెళ్తూ, నిలబడి తింటున్న ప్రతివాడికీ, "తృప్తిగా తినండి" అని చెప్పాడు. మా దగ్గర అది ఆనవాయితీ. వంట దగ్గర్నించి లేచి వెళ్ళేవాడు మిగిలినవాళ్ళకి ఆ మాట చెప్పకుండా వెళ్ళడు. మనుషుల్ని పూడ్చిపెట్టి వచ్చినవాడైనా సరే.

చెంచో పుట్టింది ఈ సందులోనే. సాయూలా మొహం కూడా ఎరగడు. పెళ్ళాం లేదని, ఊరు వేరని అబద్ధం చెప్పాడంటే ఎవర్ని దాస్తున్నాడో నాకు అర్థమైంది. తొమాసాకి నాకన్నా ముందే అర్థమైంది. బండి మలుపు తిరగ్గానే స్తంభం దగ్గరికి వెళ్ళి కాగితం పీకేసింది. మేకులు మాత్రం రాలేదు. చించిన కాగితాన్ని పొయ్యిలో పెట్టి, "బతికున్నాడు నబోరూ" అంది. అని పొయ్యి ముందే కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాచుకోవాల్సిన అవసరం లేదు.

మరుసటి ఆదివారం బుగ్గలోడు నవ్వుతూనే దిగాడు.

"నీ మాట చెప్పాను పిన్నీ. మావాడు ఉలిక్కిపడి, కాసేపు గరిటె కూడా తిప్పలేదు. కోపం వచ్చినట్టుంది. ఆవిడ నాలిక చెప్పు తోలుతో కుట్టారని చెప్పమన్నాడు!"

"ఆ చెప్పుతోనే కొడతానని చెప్పు."

"భలే దొరికారు మీ ఇద్దరూ!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇలా నడిచింది. వాళ్ళ గొడవ మళ్ళీ మొదలైంది, ఆ హంతకుడి నోటి మీదుగా. వాడికది వంటవాళ్ళ పంతం. కొండ మీద పొద్దుపోదు కాబట్టి మోసుకెళ్ళేవాడు, మోసుకొచ్చేవాడు. ఉప్పు గురించి, దాల్చినచెక్క గురించి, మేక వయసు గురించి ఒకరినొకరు తిట్టుకున్నారు. ప్రతి తిట్టూ బతికున్నానని కబురే. ఆమె వారమంతా ఒక్క తిట్టు కోసం కాచుకునేది. ఒకసారి బుగ్గలోడు తింటూ తింటూ, "మావాడు వాన్లో పారిపోబోయాడు పిన్నీ. అప్పట్నించీ కాలు ఈడుస్తున్నాడు" అన్నాడు, వాన గురించి చెప్పినట్టే.

"వంటకి కాలెందుకు? చెయ్యి బాగుంటే చాలు" అంది తొమాసా. వాడు వెళ్ళాక చర్చి గోడ పక్కకి పోయి వాంతి చేసుకుంది.

ఊరు ఊరుకుంటుందా? మొగుడి కాగితం తనే చింపుకుందని, పైవాళ్ళతో ఇకఇకలూ పకపకలూ అని మొదలుపెట్టారు. చువ్వ పట్టుకుని కొండకి రావడం కూడా మానేసింది కదా మరి, బతికున్నవాణ్ణి మట్టిలో ఎందుకు వెతుకుతుంది? ఫిలొమెనా వచ్చి కొట్టు ముందు నిలబడి, "నా కొడుకుని తిన్నవాళ్ళకి తినబెడుతున్నావు. సిగ్గులేదూ?" అని ఉమ్మేసి వెళ్ళింది. తొమాసా తల దించుకుని ఉల్లిపాయలు తరుగుతూ ఉంది.

నేను ఆగలేకపోయాను. "వదినా, ఫిలొమెనాకైనా చెప్దాం."

"నోరు మూసుకో. నీకు మూసుకోవడం రాదుగా, అందుకని తాగుతూ ఉండు. నోరు నిండా ఉంటే మాట బయటికి రాదు."

చలికాలం వచ్చింది. చెంచో తిట్లు తగ్గిపోయాయి. "ఏమన్నాడు?" అని ఆమె అడిగితే, "ఏమీ అనలేదు" అనేవాడు బుగ్గలోడు. తరవాత తరవాత, "మావాడు మాట్లాడట్లేదు పిన్నీ. అందరికీ వండిపెట్టి తను తినడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఎక్కువ రోజులు పనికిరాడులే" అన్నాడు.

పనికిరానివాళ్ళని పైవాళ్ళు ఏం చేస్తారో చువ్వ పట్టుకున్న ఆడవాళ్ళకి తెలుసు.

ఆ వారం తొమాసా ఒక చిన్న గిన్నె విడిగా వండింది. నా బల్ల దగ్గరికి వచ్చి గ్లాసు చాపింది. "మంచిది పోయ్. పాతది."

పీపాలోంచి మంచిదే పోశాను. సంతోషంగా పోశాను. ఆమె నారింజ తొక్క తీసి, పెనం మీద పెట్టి, నల్లగా మాడేదాకా నిలబడింది. చారులో వేసింది. టెకీలా పోసింది. ఇన్నేళ్ళలో ఆమె చేత్తో వెయ్యడం అదే మొదటిసారి. మూత పెట్టి, చుట్టూ పిండి మెత్తి, చెంచో నొక్కినట్టే బొటనవేలితో నొక్కుతూ దమ్ము బిగించింది.

"ఇది మీ వంటోడికి" అని బుగ్గలోడి చేతికిచ్చింది. "వాడే గెలిచాడని చెప్పు. తిని చూడమను."

ఓడిపోయానంటే మొగుడు లేచి కూర్చుంటాడని ఆమె ఆశ. తిట్టే మనిషి ఒప్పుకుంటే అతనేమైపోతాడో ఆమెకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మరుసటి ఆదివారం బుగ్గలోడు రాలేదు. ఆ పై ఆదివారం వచ్చాడు. చేతిలో గిన్నె ఉంది, శుభ్రంగా తోమి ఉంది. నవ్వు లేదు.

"నీ గిన్నె పిన్నీ."

"నచ్చిందా?"

"అందరికీ నచ్చింది. వాడే పాడుచేశాడు." నిలబడే మాట్లాడాడు. "ఒక్క గుక్క తాగాడు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్ని తన్నులు తిన్నప్పుడు కూడా ఏడవనివాడు. మా పెద్దాయన అక్కడే ఉన్నాడు. ఎవర్రా వండింది, నీకేమవుతుంది అని అడిగాడు."

తొమాసా ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి ఆగలేదు.

"ఏమీ కాదన్నాడు. మావాళ్ళు అడగడం అంటే ఎలా ఉంటుందో నీకు తెలీదులే. ఎంత అడిగినా ఒకటే మాట. ఎవరో తెలీదు, ఎన్నడూ చూళ్ళేదు, మా అమ్మ చారు గుర్తొచ్చింది అంతే అన్నాడు. ఆఖరిదాకా అదే అన్నాడు."

'ఆఖరిదాకా' అన్న మాట అందరం విన్నాం. తింటున్నవాళ్ళందరూ పళ్ళేల్లోకి చూస్తున్నారు. బుగ్గలోడు తలెత్తి స్తంభానికి మిగిలిన మేకుల్ని చూశాడు. తరవాత ఆమెని చూశాడు.

"పెద్దాయన నిన్ను కూడా అడిగి రమ్మన్నాడు పిన్నీ. వాడెవడో నీకు తెలుసా?"

ఆమె కత్తి పక్కన పెట్టింది. చేతులు గుడ్డకి తుడుచుకుంది. ఆ గుడ్డ మడతపెట్టింది.

"నాకేం తెలుసు బాబూ" అంది. "మందు గిన్నెలో పోసే పిచ్చోడెవడో అనుకున్నా."

బుగ్గలోడు పెద్దగా నిట్టూర్చాడు. వాడికి హాయిగా అనిపించింది, ఒట్టు. ఇక్కడ టాకోలు తినడం మానుకోవక్కర్లేదని కాబోలు. "అదే చెప్తాలే. ఉల్లిపాయ ఘాటుగా ఉన్నట్టుంది, కళ్ళు తుడుచుకో" అన్నాడు. ఎప్పట్లాగే తిన్నాడు. కొత్త వంటోడు ఉప్పు కూడా సరిగా వెయ్యలేడని, ఇకనుంచి ప్రతి ఆదివారం ఒక గిన్నె కట్టిపెట్టమని, నారింజ తొక్కా టెకీలా మర్చిపోవద్దని చెప్పాడు. వెళ్తూ, "తృప్తిగా తినండి" అన్నాడు. అందరూ బదులు చెప్పారు. తొమాసా కూడా చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె ఫిలొమెనా ఇంటికి వెళ్ళి అంతా చెప్పింది. ఫిలొమెనా ఏమందో నాకు తెలీదు. సోమవారం ఇద్దరూ కలిసి చువ్వలు పట్టుకుని కొండకి వెళ్ళారు. ఇప్పటికీ వెళ్తున్నారు. ఇంకా దొరకలేదు. కొట్టు మూసెయ్యమని నేను చాలాసార్లు అన్నాను. "ఏదో ఒకరోజు వాడు తింటూ తింటూ నోరు జారతాడు, ఎక్కడ పెట్టారో చెప్తాడు" అంటుంది. అందుకని ప్రతి ఆదివారం ఆ గిన్నె వండుతుంది. మొగుణ్ణి చంపినవాళ్ళకి మొగుడి చారు పంపుతుంది.

పొద్దున్నే వచ్చి నా ముందు గ్లాసు చాపుతుంది. పోస్తాను. తొక్క మాడేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోం. పోయిన ఆదివారం నేనింక ఆ మౌనం భరించలేకపోయాను. ఎవరో ఒకరు అనాలి కదా అని, ఆమె గిన్నెలో టెకీలా పోస్తుంటే నేనే అన్నాను. "వదినా, మందు పోసుకోవాల్సింది గొంతులో, గిన్నెలో కాదు."

ఆమె చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు.

"నీకేం తెలుసు రుచి? నీ నాలిక చెప్పు తోలుతో కుట్టారు" అంది. మిగిలింది కూడా గిన్నెలో పోసి, మూత పెట్టి, చుట్టూ పిండి మెత్తడం మొదలుపెట్టింది.